పిల్లలున్న ఇంట్లో నాటు తుపాకీ ఉంచుకోవచ్చా?

ఆంధ్రా సరిహద్దు దగ్గర, ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్ వైపు కొండ ఊళ్ళలో అడవి పందుల కోసం నాటు తుపాకీ ఉంచుకుంటారు కదా, అది తప్పా, పిల్లలుంటే ఎలా అని అడిగారు. లైసెన్సు లేకపోతే తప్పే అండి. ఒడిశా అయినా ఆంధ్రా అయినా 1959 ఆయుధాల చట్టమే, 2019లో సవరించాక లైసెన్సు లేని తుపాకీ దొరికితే కనీసం 2 ఏళ్ళు, 5 ఏళ్ళ దాకా జైలు, తయారు చేసి అమ్మితే ఇంకా చాలా ఎక్కువ.

అమెరికాలో తుపాకీ రాజ్యాంగం ఇచ్చిన హక్కు, అందుకే చట్టం బిగిద్దామంటే అక్కడ అంత గొడవ, కానీ 2020 నుంచి అక్కడ 1 నుంచి 19 ఏళ్ళ పిల్లల చావులకి మొదటి కారణం తుపాకులే. మనకి ఆ హక్కు లేదు, అదే మంచిదని నా అభిప్రాయం.

అసలు భయం ఎక్కడంటే, నాటు తుపాకీలో గొట్టం మూతి నుంచి మందు, గుండ్లు కూరతారు, పంది రాకపోతే అలాగే తెచ్చి గోడకి ఆనించేస్తారు, బయట నుంచి చూస్తే లోపల మందు ఉందో లేదో పెద్దవాళ్ళకే తెలీదు, ఇంక ఆరేళ్ళ పిల్లాడికేం తెలుస్తుంది? ముట్టుకోవద్దని చెప్తే సరిపోదు, పిల్లలు ముట్టుకుంటారు. లైసెన్సు ఉన్నదైతే ఖాళీ చేసి తాళం వెయ్యండి, మందు, గుండ్లు వేరే చోట ఇంకో తాళంలో, తాళంచెవులు మీ దగ్గరే. లైసెన్సు లేనిదైతే దాచే చోటు వెతక్కండి, ఊరి పెద్దని వెంటపెట్టుకుని స్టేషన్‌లో అప్పగించెయ్యండి.