సొంతంగా చేయించుకున్న గడ్డి కోసే మెషీన్ ఎకరం రెండెకరాల పొలానికి పనికొస్తదా?

పనికొస్తది. మా బావ వాళ్ళ తోటల అట్లాంటిదే ఇప్పటికీ నడుస్తుంది. మీకు ఎకరంన్నర, రెండు బర్రెలు ఉన్నయి, వీడియోలు చూసి మోటార్‌తోని ఒకటి చేయిద్దామనుకుంటున్న అని రాసిన్రు కదా, ఆ రెండు బర్రెల ముచ్చటే అసలుది, దానికి తర్వాత వస్తా.

మా బావది చేవెళ్ల దిక్కు, బీజాపూర్ రోడ్డుకి ఆనుకొని రెండెకరాల మామిడి తోట. నాలుగు వానలు పడ్డయంటే చెట్ల నడుమ గరిక, తుంగ, వయ్యారిభామ మోకాళ్ళు దాటి లేస్తది. కూలీలు దొరకరు, దొరికినా పత్తి పనులు మొదలైనంక మన తోట దిక్కు చూడరు, అది వాళ్ళ తప్పు కాదనుకోండి. బావ హైదరాబాద్‌ల పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజార్‌కి పోయి తుక్కుల పడున్న 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటార్ పట్టుకొచ్చి, వైండింగ్ చెక్ చేయించి, ఊర్ల వెల్డింగ్ షాపుల యాంగిల్ ఫ్రేమ్ కొట్టించిండు. కింద చిన్న ట్రాలీ చక్రాలు, మోటార్ నిలువుగా, షాఫ్ట్ కిందికి, చివర బ్లేడు. ఇంజినీరింగ్ అంతా ఇంతే, ఇందుల బ్రహ్మవిద్య ఏం లేదు.

బ్లేడు దగ్గరే లొల్లి అయింది. బావ ఏమో లారీ కమాన్ పట్టీ ముక్క తెచ్చి షాఫ్ట్ బుష్‌కి వెల్డింగ్ పెట్టెయ్ అన్నడు. షాపాయన ససేమిరా ఒప్పుకోలే. "కమాన్ పట్టీకి వెల్డింగ్ పెడితే అతుకు పక్కనే పెళుసైతది సార్, తిరిగేటప్పుడు ఇరిగితే ఎవని కాల్ల దిగుతదో నాకెర్క లేదు" అని, రెడీమేడ్ 16 ఇంచుల బ్లేడు తెప్పించి బోల్టు, లాక్ నట్టు పెట్టి బిగించిండు. మళ్ళా చుట్టూ షీటు డబ్బా, వెనకాల లారీ మడ్‌ఫ్లాప్ రబ్బరు నేల దాకా వేలాడదీసిండు. బావకి అదంతా దండగ ఖర్చు అనిపించింది. నన్నడిగితే ఆ మెషీన్ మొత్తంల తెలివైన పని అదొక్కటే.

ఎందుకంటే లెక్క చూడండి. టూ పోల్ మోటార్, అంటే జల్ది తిరిగే రకం, మన కరెంటు మీద నిమిషానికి 2800 పైనే తిరుగుతది. 16 ఇంచుల బ్లేడు కొస సెకనుకి 60 మీటర్ల దగ్గర పోతది, అంటే గంటకి 200 కిలోమీటర్ల పైనే. కంపెనీ లాన్ మోవర్లకే అమెరికాల 96 మీటర్ల దగ్గర హద్దు పెట్టిన్రు, కాబట్టి ఇది పర్లేదు. కానీ కొందరు యాంగిల్ గ్రైండర్‌కి పైపు కట్టి దానికి బ్రష్ కట్టర్ (భుజానికి తగిలించుకొని గడ్డి కోసే మెషీన్) 10 ఇంచుల బ్లేడు పెట్టి వీడియోలు చేస్తున్నరు చూడండి, లక్షల వ్యూస్ వస్తయి వాటికి, గ్రైండర్ తిరిగేదే 11000, కొస స్పీడు 140 మీటర్లు దాటిపోతది, గ్రైండర్ సొంత కటింగ్ డిస్కుకే 80 అని రాసుంటది. అట్లాంటి వీడియో పెట్టేటోనికి ఒక ఆదివారం తన పిల్లల్ని పక్కన నిలబెట్టి కోయమని చెప్పాలె.

ఇగ అసలు సంగతి. ఆషాఢంల బోనాలకని అందరం బావ దగ్గరికి పోయినం. బావ హుషారుగ మెషీన్ తీసిండు, వెనకాల వైరు భుజం మీదేసుకొని నేను. రెండు వరసలు అల్కగ కోసింది, మూడో వరస రోడ్డు కంచె పక్కకి పోంగనే ఫట్ మని సప్పుడు, మెషీన్ మొత్తం ఎగిరి పడ్డది. గడ్డిల బీరు సీసా. ముక్కలన్నీ పోయి ఆ మడ్‌ఫ్లాప్‌ల గుచ్చుకున్నయి, ఒకటైతే రబ్బరులకి సగం దిగింది. దాని వెనక మూరెడు దూరంల ఉన్నది బావ కాళ్ళు, అదీ చెప్పులేసుకొని.

ఈ సీసాలు ఎక్కడివంటే, హైదరాబాద్ నుంచి చేవెళ్ల దిక్కు వస్తుంటే అప్పా జంక్షన్ దాటంగనే మర్రిచెట్ల నీడ చూసి బండ్లు ఆపి తాగేటోళ్ళు చాలామంది, ఖాళీ అయినంక చేతికి దొరికిన కంచె మీంచి లోపలికి ఇసురుడే. 10 గుంటలు, అంటే 1210 గజాలు కొని ఫామ్‌హౌస్ అని బోర్డు పెట్టి, కార్పెట్ గడ్డికి బోరు నీళ్ళు పెట్టేటోళ్ళు ఇంకొక రకం, వాళ్ళ పార్టీ సీసాలు ఎటు పోతయో వాళ్ళకే తెల్వాలె.

సరే, పక్క పొలం అవ్వ అప్పటికే గోనెపట్టా తెచ్చి నిలబడ్డది, కోసిన గడ్డి తన బర్రెలకి తీసుకపోదామని. ఒక పిడికెడు తీసి అరచేతిల పరిచి చూసి పారేసింది. "గిది బర్రెకెట్ల ఏస్తం బిడ్డా, దీన్ల మన్ను ఉన్నది, సీసా ఉన్నది. కొడవలితోని కోస్తే సీసా ఉన్నదని నా చెయ్యికి తెల్వదా?" అన్నది. నాకు ఆ మాటకి జవాబు దొరకలే.

బర్రె మనలెక్క ఏరుకొని నమిలి తినదు, నాలుకతోని చుట్టి గుంజి మింగేస్తది, నెమరు తర్వాత సంగతి. మేకులు, తీగ ముక్కలు పోతే రెండో పొట్టల కూర్చుంటయి, దాని ముందటనే గుండె, పొడుచుకుపోతే పశువు దక్కుడు కష్టం. అందుకే రోటరీ బ్లేడు మెషీన్, సొంతంగా చేసిందైనా షోరూముదైనా, మేతకి నేను వద్దనే అంటా. బ్రష్ కట్టర్ నైలాన్ దారం ఇంకా అన్యాయం, అది అరిగిన కొద్దీ ఆ ప్లాస్టిక్ ముక్కలు గడ్డిలనే పడ్తయి, ఈ మాట అమ్మేటోళ్ళు ఒక్కరూ చెప్పరు.

చెట్ల కింద నరికి అక్కడనే వదిలేసే గడ్డికైతే మస్తు పనికొస్తది, తేమ ఆగుతది, మట్టికి మంచిది. కోసే ముందు మాత్రం ఒకసారి పొలమంతా నడిచి సీసాలు, రాళ్ళు, తీగలు ఏరాలె. కరెంటు మెషీన్ అయితే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్) లేకుండ ప్లగ్గు పెట్టకండి, తడి గడ్డిల వైరు కోసుకుంటే లోడు ఎక్కువైతే పడిపోయే మామూలు ఎంసీబీ మిమ్మల్ని కాపాడదు. వయ్యారిభామని పూతకి ముందే కోయాలె, పూసి గింజ పట్టినంక మెషీన్ పెడితే మీరే విత్తనం చల్లినట్టు. అమెరికా గోధుమలతోని వచ్చిందంటరు, 1950లల్ల పుణె దగ్గర కనవడ్డది, ఇప్పుడు లేని జాగ లేదు. వానకి నేల మెత్తగున్నప్పుడు గ్లవ్స్ వేసుకొని వేర్లతోని పీకుడే మంచిది, ఒంటికి తగిలితే దురదలు.

మీ రెండు బర్రెలకైతే గట్టు పొంటి సూపర్ నేపియర్ అనే మేత గడ్డి కణుపులు నాటండి, కొడవలితోని కోయండి, మీరు కొందామనుకుంటున్న ఆ మోటార్‌ని చాఫ్ కట్టర్‌కి, అంటే మేతని ముక్కలు చేసే మెషీన్‌కి, బిగించుకోండి. చాఫ్ కట్టర్ కూడా మేత పెట్టే దగ్గర, బెల్టు దగ్గర కవర్ లేకుండ ఇస్తే తీసుకోకండి, వేళ్ళు పోయినోళ్ళు మా బావ ఊర్లనే ఉన్నరు.