కిరాణా కొట్టుకు కంప్యూటర్ బిల్లింగ్ పెట్టాలంటే ఏం కావాలి?

చిట్టీల మీద రాసే లెక్క మానేసి కంప్యూటర్ బిల్లింగ్‌కి మారాలంటే ఏం కొనాలని అడిగారు. కొనేది తక్కువే: ఆండ్రాయిడ్ ఫోనో పాత ల్యాప్‌టాపో, రెండంగుళాల థర్మల్ ప్రింటర్ (ఇంకు లేకుండా వేడితో బిల్లు ముద్రించేది), బార్‌కోడ్ స్కానర్.

అసలు పనంతా బిల్లింగ్ యాప్‌లో సరుకుల జాబితా ఎక్కించడంలోనే ఉంది. ప్యాకెట్లయితే స్కాన్ చేసి పేరు, ధర, జీఎస్టీ రేటు కొడితే చాలు. కందిపప్పు, బెల్లం లాంటి విడి సరుకుకు బార్‌కోడ్ ఉండదు కదా, వాటికి 11, 12 అని మీరే కోడ్‌లు ఇచ్చి కిలో ధర పెట్టుకోండి. 350 గ్రాములైతే 0.350 అని కొట్టాలి. మా కుర్రాడు మొదటి రోజు 350 అని కొట్టేసరికి, కిలో 120 రూపాయల పప్పుకి 42,000 బిల్లొచ్చింది!

మీరు జీఎస్టీ కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ రేటున తామే పన్ను కట్టే పద్ధతి) ఉంటే బిల్లులో పన్ను విడిగా వేయకూడదు. యాప్‌లో ఆ సెట్టింగ్ ముందే మార్చుకోండి. అరువు ఖాతాలు మాత్రం ఓ నెల పాటు పుస్తకంలోనూ రాయండి.