మా అమ్మ జపమాల దాచుకొని చెప్పుకోవాలా?

ప్రశ్న: మాది కాజీపేట. పుట్టుకతో ఆర్‌సీఎం, అంటే రోమన్ కతోలికులం. రెండేళ్ల కింద కరీంనగర్‌లో పెంతెకోస్తు కుటుంబంలో ఇచ్చారు. పోయినేడు మా అమ్మ చనిపోయింది. ఆమె జపమాల, చిన్న మరియమ్మ స్వరూపం తెచ్చుకున్నాను. "బొమ్మకు మొక్కుడేంది? అన్నదే మల్ల మల్ల అనుడేంది? చచ్చినోళ్లకు ప్రార్థనేంది?" అని అత్తమ్మ రోజూ వచనాలు చూపిస్తది. స్వరూపాన్ని బట్టలో చుట్టి అటకెక్కించింది. మా ఆయన ఏమీ మాట్లాడడు. బాత్రూంలో జపమాల చెప్పుకుంటున్నాను.

జవాబు: అమ్మా, బాత్రూం అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. దొంగతనం చేసినట్టు ప్రార్థన చేసుకుంటున్నావు. ముందు అది మానెయ్. ఈ రాత్రి నీ మంచం మీదే కూర్చొని చెప్పుకో.

నేనూ కతోలిక ఇంట్లో పుట్టినదాన్నే. ఈ ప్రశ్నలు హనుమకొండలో బడికి పోయే రోజుల నుంచి వింటున్నాను. జవాబులు అత్తమ్మ బైబిల్లోనే ఉన్నాయి. నిర్గమకాండం 20లో విగ్రహాలు వద్దన్న దేవుడే 25లో మందసం అనే నిబంధన పెట్టె మీద బంగారు కెరూబులను, అంటే దూతల రూపాలను చేయమన్నాడు. రూపం చేయడం వేరు, దాన్నే దేవుడనుకోవడం వేరు. క్రీ.శ. 787లో బిషప్పులు కూడిన నీకేయ మహాసభ ఇదే తేల్చింది: ఆరాధన దేవుడికే, స్వరూపానికి చేసే గౌరవం అది ఎవరిదో వారికి. మీ అమ్మ ఫొటోను ముద్దు పెట్టుకుంటే కాగితాన్ని పెట్టుకున్నట్టా?

అయితే విజయవాడ గుణదల మరియమ్మ గుడిలో కొబ్బరికాయలు, తలనీలాలు చూసినవాళ్లకు మరియమ్మ ఇంకో దేవతనిపిస్తే వాళ్ల అనుమానాన్ని కొట్టిపారేయకు. మోషే చేసిన ఇత్తడి సర్పానికి జనం ధూపం వేస్తున్నారని హిజ్కియా రాజు దాన్ని పగలగొట్టాడు. హద్దు దాటే మనవాళ్లూ ఉన్నారు. మన తిరుసభ, అంటే కతోలిక సంఘం, బోధ మాత్రం అది కాదు.

ఇక జపమాలలో మల్ల మల్ల చెప్పే మంగళవార్త జపం. అందులో "వందనము" గబ్రియేలు దూత చెప్పింది, "స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు" ఎలిజబెతమ్మ అన్నది. రెండూ లూకా మొదటి అధ్యాయంలోవే. చివర మనం అడిగేది మా కోసం ప్రార్థించమనే. అత్తమ్మ తన మోకాళ్ల నొప్పికి ప్రార్థన చేయమని పాస్టరయ్యగారిని అడగదా? దేవుడికీ మనుషులకూ మధ్యవర్తి యేసు ఒక్కడే అన్న 1 తిమోతి 2:5కు నాలుగు వచనాల ముందే అందరికోసం విజ్ఞాపనలు చేయమన్నాడు పౌలు. మల్ల మల్ల అంటావా, 136వ కీర్తనలో "ఆయన కృప నిరంతరముండును" 26 సార్లుంది. గెత్సేమనేలో యేసు మూడోసారీ అవే మాటలతో ప్రార్థించాడు.

చనిపోయినవాళ్ల విషయంలో వాదించకు. వాళ్లకోసం ప్రార్థించడం మంచిదని చెప్పే మక్కబీయుల గ్రంథం మన బైబిల్లోని 73 పుస్తకాల్లో ఉంది, ఆమె బైబిల్లోని 66లో లేదు. చూపిస్తే ఇంకో గొడవ మొదలవుతుంది. "అత్తమ్మా, మా అమ్మ యాదికొస్తుంది. నవంబర్ 2న, చనిపోయినవాళ్లను తలుచుకునే రోజు, సమాధి కాడ కొవ్వొత్తి పెట్టొస్తా" అని చెప్పు చాలు.

ఇవన్నీ నీ ధైర్యం కోసం చెప్పాను, అన్నం దగ్గర ఆమె మీద విసరడానికి కాదు. అక్కడ నోరు విప్పాల్సింది మీ ఆయన. ఆర్‌సీఎం పిల్లనని తెలిసే కదా చేసుకున్నాడు. హాల్లో అత్తమ్మ వాక్యాల క్యాలెండర్ ఉండనీ, మీ గదిలో మరియమ్మ ఉండనీ. అటక మీది స్వరూపాన్ని ఆయన చేతులతోనే, వాళ్లమ్మ చూస్తుండగా దించమని అడుగు.