రాయదుర్గం పక్క సర్వే పిల్లలకు శిక్షణ ఎట్లా ఇవ్వాలంటే

చిరంజీవికి ఆశీస్సులు.

తాగునీళ్లు, మరుగుదొడ్ల సర్వేకి ఇంటింటికీ పోయి ప్రశ్నలు అడిగే ఇరవై మంది పిల్లలను తయారుచేసే పని నీ మీద పడిందని రాసినావు. రెండు రోజుల్లో ముగించమంటే ఒప్పుకోవద్దు నాయనా. ఐదు రోజులు అడుగు: రెండు రోజులు గదిలో, రెండు రోజులు ఊళ్లో, చివరి రోజు తప్పులు సరిదిద్దడానికి. ఇరవై మూడు మందిని పిలిచి, ఎవరు నిలబడతారో ఐదో రోజు తేల్చు. వచ్చిన రోజులకు కూలి మాత్రం అందరికీ ఇవ్వాల. సగం మందైనా ఆడపిల్లలు ఉండాల. మరుగుదొడ్డి సంగతి మగపిల్లోడు అడిగితే, ఆ ఇంటి కోడలు తలుపు చాటు నుంచి "అందరం వాడతాం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. సరిహద్దు ఊళ్లకు పోయే జట్టులో కన్నడం వచ్చినవాళ్లు ఉండేట్టు చూసుకో.

మొదటి రోజు ప్రశ్నల కాగితాన్ని ఒక్కొక్కరితో గట్టిగా చదివించు. నోరు తిరగని మాటలన్నీ అప్పుడే బయటపడతాయి. "బహిరంగ మలవిసర్జన" అంటే ముసలమ్మకు అర్థం కాదు, అర్థమైతే కోపమొస్తుంది. "బయటికి పోతారా" అని అడగాల. ఏ ప్రశ్నకు ఏ మాటో అందరూ ఒప్పుకొని రాసుకోవాల. తలా ఒక మాట వాడితే జవాబులు పోల్చడానికే పనికిరావు. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లే ఒక ఇల్లు అనేది కూడా ముందే చెప్పు. అన్నదమ్ములు ఒకే కప్పు కింద ఉన్నా, పొయ్యిలు రెండైతే ఇళ్లు రెండే. బెంగళూరు పనికి పోయిన కొడుకుని లెక్కలో వేయడానికి, నెలలో ఎన్ని రాత్రులు ఇంట్లో పడుకోవాలో ఒక హద్దు పెట్టు.

ప్రశ్నలోనే జవాబు అందించే అలవాటు పిల్లలకు త్వరగా పోదు. "నీళ్లు కాచి తాగుతారా?" అంటే ఎవరైనా అవుననే అంటారు. "తాగే ముందు నీళ్లకు ఏమన్నా చేస్తారా?" అని అడిగి, నోరు మూసుకుని ఆగాల. ఆ ఆగడాన్ని జంటలుగా కూర్చోబెట్టి పదిసార్లు చేయించు.

ఇంక నీళ్లు. ఇంటి ముందర కొళాయి ఉందని రాసుకొచ్చి, నీళ్లు వస్తాయో రావో అడగని సర్వేలు చాలా ఉన్నాయి. గడిచిన ఏడు రోజుల్లో ఎన్ని రోజులు వచ్చినాయి, వచ్చిన రోజు ఎన్ని నిమిషాలు అని విడివిడిగా అడగాల. ఒకే ఇంట్లో తాగడానికి సత్యసాయి పథకం నీళ్లో ఫిల్టర్ క్యానో, వాడకానికి బోరు నీళ్లో ఉంటాయి. తాగేవి, వండేవి, స్నానానికి వాడేవి వేరువేరుగా రాయించు. కొళాయికి నేరుగా మోటారు బిగించినారా అనేది కళ్లతో చూడాల. పైవీధిలో మోటార్లు పీలిస్తే చివరి వీధికి చుక్క రాదు.

కొలతకు గదిలోనే ఒక పాఠం పెట్టు. ప్లాస్టిక్ బిందె, స్టీలు బిందె, కడవ, ఖాళీ రంగు డబ్బా వరసగా పెట్టి, దేంట్లో ఎన్ని లీటర్లు పడతాయో అందరినీ రాయమను. తర్వాత లీటరు సీసాతో పోసి కొలిపించు. ఎవరి అంచనా ఎంత తప్పిందో వాళ్లే చూసుకుంటారు. అంచు దాకా నింపుతారా, మెడ దాకానే నింపుతారా అనేది కూడా అడగాల. ఇంటింటికీ కొళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. ఐదుగురికి 275 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెలు పద్దెనిమిది దాటాల. బిందెకు రెండు లీటర్లు తప్పు రాసినా లెక్క 36 లీటర్లు తప్పుతుంది.

మరుగుదొడ్డి సంగతి నోటితో అడిగి ఊరుకోవద్దు. "ఒకసారి చూడొచ్చా అక్కా?" అని అడిగి చూడాల, వద్దంటే వద్దు. బేసిన్ తడిగా ఉందా, పక్కన బకెట్, చెంబు ఉన్నాయా, తలుపు మూలన సాలెగూడు ఉందా, లోపల కట్టెలో శెనక్కాయ మూటలో పెట్టినారా అన్నది చూడగానే తెలుస్తుంది. తర్వాత వెనక్కి పోయి గుంతలు చూడాల. రెండు గుంతలుంటే మధ్యలో ఉండే చిన్న తొట్టిలో ఒక దారి మూసి ఉండాల. రెండూ తెరిచి పెడితే రెండూ ఒకేసారి నిండిపోతాయి, మార్చుకోవడానికి ఇంకోటి మిగలదు. చుట్టూ సిమెంటు పూసిన గుంతలో నీళ్లు ఇంకవు. అది నిండుతుందన్న భయంతో మగవాళ్లు బయటికే పోతారు. అందుకని ముసలాయన, పిల్లలు, కోడలు నిన్న ఎక్కడికి పోయినారో ఒక్కొక్కరి గురించి అడిగించు.

నీళ్ల పరీక్షలో ఫ్లోరైడ్ ఇంటింటికీ చేయనక్కర్లేదు, ఒక్కో బోరుకు ఒకటి చాలు. హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేనిచోట 1.5. ఫ్లోరైడ్ చూసే కిట్‌లో గులాబి రంగు పసుపు వైపు పోయేకొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువని అర్థం. ఎండలో చూస్తే రంగు మోసం చేస్తుంది, నీడలో తెల్లకాగితం వెనక పెట్టి చూడాల. రంగులు సరిగా కనపడని పిల్లోడు ఉన్నాడేమో మొదటి రోజే చూసుకో. క్లోరిన్ అక్కడికక్కడే చూడాల, సీసాలో పెట్టి సాయంత్రానికి తెస్తే ఎగిరిపోతుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము ఉండాల. మలం కలిసిందేమో చూసే హెచ్‌టుఎస్ సీసా మూత లోపలికి వేలు తగలకూడదు. 30 నుంచి 37 డిగ్రీల వేడిలో 24 నుంచి 48 గంటలు ఉంచి, నల్లబడిందా లేదా రాయాల. కొళాయి దగ్గర ఒకటి, తాగే బిందెలో నుంచి ఒకటి తీయించు. కొళాయి నీళ్లు బాగుండి బిందె నీళ్లు చెడితే తప్పు ఇంట్లో ఉందన్నమాట.

ఊళ్లో ఇళ్లు ఎంచుకునేది పిల్లల ఇష్టానికి వదలొద్దు. 180 ఇళ్లలో 15 కావాలంటే పన్నెండో ఇల్లు చొప్పున. మొదటి ఇల్లు ఒకటి నుంచి పన్నెండు లోపల చీటీ తీసి తేల్చు. తాళం వేసి ఉంటే ఇంకో రెండుసార్లు పోవాలే గాని, పక్కింటికి జరగకూడదు. ఉపాధి పనికి పొద్దున్నే పోతారు, సాయంత్రం పో.

"ఇది రాస్తే పింఛను పోతుందా?" అని అడుగుతారు. ఈ సర్వేకీ పింఛనుకీ బియ్యం కార్డుకీ సంబంధం లేదని, ఇష్టం లేకుంటే జవాబు చెప్పకపోయినా పర్వాలేదని ముందే చెప్పాల. కొళాయి వేయిస్తామని మాత్రం ఎవరూ మాటివ్వకూడదు.

మూడో రోజు నలుగురిని ఒకే ఇంటికి పంపు. ఒకరు అడుగుతుంటే నలుగురూ విడివిడిగా రాసుకోవాల. సాయంత్రం నాలుగు కాగితాలు పక్కపక్కన పెడితే, ఎక్కడ తేడా వచ్చిందో ఆ ప్రశ్న మళ్లీ నేర్పాల. సర్వే మొదలైనాక నూటికి పది ఇళ్లకు నువ్వే తిరిగి పోయి, మారని సంగతులు నాలుగు మళ్లీ అడుగు: ఇంట్లో మంది, గుంతలెన్ని, కొళాయి ఎక్కడ, తాగేవి ఏ నీళ్లు.

ప్రశ్నల కాగితం అచ్చుకు పోయే ముందు నాకొక కాపీ పంపించు. చూసి రెండు రోజుల్లో తిప్పి పంపుతా.