బాస్కెట్‌బాల్ కోచింగ్ కోసం కంప్యూటర్ సైన్స్ వదిలేయాలా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఇక్కడే పుట్టి పెరిగిన మా అబ్బాయి టెక్సాస్‌లోనే ఒక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ రెండో ఏడు చదువుతున్నాడు. అక్కడి డివిజన్-1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) మెన్స్ బాస్కెట్‌బాల్ టీముకి స్టూడెంట్ మేనేజర్‌గా చేరాడు. ఇప్పుడు కాలేజీ టీముకి అసిస్టెంట్ కోచ్‌ని అవుతానంటున్నాడు. స్పోర్ట్ మేనేజ్‌మెంట్‌కి మారతానని ఫారం కూడా పెట్టేశాడు. హైస్కూల్ టీములోనే బెంచి మీద కూర్చున్నవాడు కోచ్ ఎలా అవుతాడు? మేం ఇన్నేళ్ళు కష్టపడింది వాడు ఆటగాళ్ళ తువ్వాళ్ళు ఉతకడానికా? ఈ ఉద్యోగాన్ని సాఫ్ట్‌వేర్‌తోనూ, స్కూల్లో కోచ్ ఉద్యోగంతోనూ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: ముందు తువ్వాళ్ళ సంగతి తేల్చుకుందాం. ఆ మాట మీరు వాడి ముందు అనే ఉంటారు. అనకూడదండీ. మీరు ఉతికే పని అనుకుంటున్నది ఈ వృత్తిలో మొదటి మెట్టు. ప్రాక్టీసుకు గంట ముందు వెళ్ళి బంతులు సర్దడం, షూటింగ్ చేసేవాళ్ళకి రీబౌండ్ అందించడం, కోర్టు మీద పడిన చెమట తుడవడం, ప్రాక్టీసు వీడియో తీయడం, ఎవరు ఎన్ని షాట్లు వేశారో రాయడం, ఇవన్నీ మేనేజర్ పనులే. లారెన్స్ ఫ్రాంక్ తన హైస్కూల్ టీముకే ఎంపిక కాలేదు. ఇండియానా యూనివర్సిటీలో స్టూడెంట్ మేనేజర్‌గా చేసి, కాలేజీల్లో అసిస్టెంటుగా పనిచేసి, 2004లో ఎన్‌బీఏ టీము నెట్స్‌కి హెడ్ కోచ్ అయ్యాడు. బెంచి మీద కూర్చున్నవాడు కోచ్ ఎలా అవుతాడన్న మీ ప్రశ్నకి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

మీ ఉత్తరంలో అసలు భయం వేరే ఉంది. ముప్ఫై ఏళ్ళకి వీడి చేతిలో ఏముంటుంది అన్నది. ఆ భయం న్యాయమైనదే. ఈ వృత్తిలో కింది మెట్ల జీతాలు తక్కువ, ఒకప్పుడు రూలు పెట్టి మరీ తొక్కిపెట్టారు. 1990ల మొదట్లో, కాలేజీ ఆటలని నడిపే ఎన్‌సీఏఏ డివిజన్-1లో ఒక అసిస్టెంట్ స్థానానికి ఏడాదికి 16,000 డాలర్లు దాటకూడదని పరిమితి విధించింది. కోచ్‌లు కోర్టుకెక్కారు. అది గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని 1998లో అప్పీల్ కోర్టు కూడా సమర్థించింది, 1999లో 5.45 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. 2023 జూలై నుంచి అసిస్టెంట్ కోచ్‌ల స్థానాలు 3 నుంచి 5కి పెరిగాయి కానీ, రూలు వచ్చినప్పుడు ఆ కొత్త ఇద్దరికి బయటికెళ్ళి రిక్రూటింగ్ (కొత్త ఆటగాళ్ళని వెతికి రప్పించే పని) చేసే అనుమతి ఇవ్వలేదు. చాలా చోట్ల మ్యాచ్ వీడియోల పని చూసే వీడియో కోఆర్డినేటర్‌కే పేరు మార్చి, జీతం దాదాపు అలాగే ఉంచారు. పెద్ద కాన్ఫరెన్సుల్లో (కాలేజీల లీగుల్లో) సీనియర్ అసిస్టెంట్లకి లక్షల డాలర్లు వస్తాయి, నిజమే. చిన్న డివిజన్-1 కాలేజీల్లో ఎక్కువగా 40 నుంచి 80 వేల మధ్య. కింది స్థాయి డివిజన్-3లో చాలామందికి అది పార్ట్‌టైమ్ పనే, పక్కన అడ్మిషన్స్ ఆఫీసులోనో మరోచోటో ఇంకో ఉద్యోగం ఉంటుంది. పబ్లిక్ యూనివర్సిటీల జీతాలు బహిరంగ సమాచారమే కాబట్టి మీ వాడి కాలేజీ స్టాఫ్‌వి మీరే చూసుకోవచ్చు.

ఇక స్పోర్ట్ మేనేజ్‌మెంట్ డిగ్రీ. ఈ మధ్య ఆట పిచ్చి ఉన్న ప్రతి పిల్లాడూ దీని వైపే చూస్తున్నాడు, నాకు మాత్రం దీని మీద నమ్మకం తక్కువ. ఆ కోర్సుల్లో చెప్పేది టికెట్ల అమ్మకం, స్పాన్సర్‌షిప్పులు, స్టేడియం నిర్వహణ, స్పోర్ట్స్ లా. వాటితో అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఉద్యోగాలు వస్తాయి, అవి మంచి ఉద్యోగాలే. కానీ పిక్ అండ్ రోల్ లాంటి ఎత్తుగడని ఎలా ఆపాలో వాటిలో ఉండదు. హెడ్ కోచ్ మనిషిని తీసుకునేటప్పుడు చూసేవి మూడు: ఎవరి దగ్గర పనిచేశాడు, వాళ్ళు ఫోన్లో ఏం చెప్పారు, నా టీముకి వీడేం తెస్తాడు. డిగ్రీ ఉండాలి, ఏ సబ్జెక్టన్నది దాదాపు ఎవరూ అడగరు. కొన్ని ప్రైవేటు యూనివర్సిటీల్లో ఇదే సబ్జెక్టులో మాస్టర్స్‌కి ఫీజు 50 వేల డాలర్లు దాటుతుంది. ఎక్కడో గొప్ప టీము ఆడుతుంటే, ఆ టీముతో సంబంధమే లేని డిపార్ట్‌మెంట్ ఆ పేరుతో సీట్లు నింపుకుంటుంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అన్నమాట. అప్పు చేసి అందులో చేరిన కుర్రాడు నెలకి వెయ్యి డాలర్ల స్టైపెండ్ ఉద్యోగం ఒప్పుకోలేడు. ఆ ఉద్యోగం ఒప్పుకోనివాడికి ఈ వృత్తిలో తలుపు తెరుచుకోదు.

కంప్యూటర్ సైన్స్ ఇక్కడ పనికిరాదని మీరూ అనుకుంటున్నారు, మీ వాడూ అనుకుంటున్నాడు. ఇద్దరూ పొరబడ్డారు. ఒక అసిస్టెంట్ పనిలో సగం 'స్కౌట్', అంటే ప్రత్యర్థి టీము ఆటని చదవడం. సీజన్‌లో 30కి పైగా మ్యాచ్‌లుంటాయి, ముగ్గురు పంచుకుంటే తలా పది ప్రత్యర్థి టీములు. ఒక్కో టీముకి చివరి నాలుగైదు మ్యాచ్‌లు సినర్జీ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో చూసి క్లిప్పులు కోయాలి. వాళ్ళు ఎక్కువగా ఆడే సెట్లు (ముందే అనుకున్న ఎత్తుగడలు) గీయాలి, టైమవుట్ తర్వాత ఏం ఆడతారో, బేస్‌లైన్ నుంచి బంతి లోపలికి ఎలా వేస్తారో పట్టాలి. ఏ ఆటగాడు ఎడమ చేతి వైపు వెళ్ళలేడో, ఎవరిని మూడు పాయింట్ల గీత దగ్గర వదిలేయొచ్చో రాయాలి. తర్వాత ఆటగాళ్ళకి పది పన్నెండు నిమిషాల వీడియో, ఒక్క పేజీ కాగితం, కోర్టు మీద నడిపించి చూపడం. కొత్తవాళ్ళు బోల్తాపడేది ఇక్కడే. తాము ఎంత కష్టపడ్డారో చూపించాలని నలభై క్లిప్పులతో, పదిహేను సెట్లతో కొండవీటి చాంతాడంత రిపోర్టు తెస్తారు. ఆటలో కుర్రాడికి గుర్తుండేది మూడు ముక్కలు. ఆ మూడూ ఏవో ఏరగలవాడే పనికొస్తాడు.

ఆ ఏరడానికి మీ వాడి చదువు అక్కరకొస్తుంది. మ్యాచ్‌లో జరిగిన ప్రతిదీ వరసగా రాసిన ప్లే-బై-ప్లే డేటా లాగి, ఏ అయిదుగురు కోర్టు మీద ఉన్నప్పుడు టీము ఎన్ని పాయింట్లు ముందుంటోందో తేల్చే చిన్న ప్రోగ్రాం రాయగలవాడు చాలా టీముల్లో లేడు. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేర్లిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వసంతంలో తెరవగానే కొద్ది వారాల్లో వెయ్యికి పైగా ఆటగాళ్ళ పేర్లు వస్తాయి. మాకు ఆరడుగుల ఎనిమిది అంగుళాల వాడు, రీబౌండ్లు పట్టేవాడు, ఇంకా రెండేళ్ళు ఆడే అర్హత ఉన్నవాడు కావాలంటే పేర్లు వడబోసి ఇరవైకి తెచ్చేవాడికి హెడ్ కోచ్ గదిలో కుర్చీ దొరుకుతుంది. తువ్వాళ్ళ దగ్గర్నుంచి ఆ కుర్చీకి దారి అదే.

మిగతా సగం రిక్రూటింగ్. నా సందేహమంతా దాని మీదే. ఏప్రిల్‌లో, జూలైలో హైస్కూల్ పిల్లల క్లబ్ టీములు ఆడే ఏఏయూ టోర్నమెంట్ల చుట్టూ తిరగాలి. పదహారేళ్ళ పిల్లాడితో, వాడి అమ్మతో, వాడి క్లబ్ కోచ్‌తో రోజూ ఫోన్లోనో మెసేజ్‌లోనో ఏడాది పాటు మాట్లాడుతూ ఉండాలి. చివర్లో వాడు వేరే కాలేజీకి వెళ్ళిపోతే నవ్వుతూ శుభాకాంక్షలు చెప్పాలి. 2025 జూలై నుంచి కాలేజీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బు పంచుతున్నాయి కాబట్టి ఇప్పుడు ఏజెంట్లతోనూ మాట్లాడాలి. డబ్బు దారి తప్పితే ఏమవుతుందో 2017 సెప్టెంబరులో నాలుగు పెద్ద యూనివర్సిటీల అసిస్టెంట్ కోచ్‌లని ఫెడరల్ అధికారులు అరెస్టు చేసినప్పుడు అందరూ చూశారు. మన ఇళ్ళ పిల్లలకి ఇక్కడ లోటు ఎత్తు కాదు, రంగు కాదు. ఆ క్లబ్ కోచ్‌ల్లో తెలిసినవాళ్ళు లేకపోవడం. గదిలో కూర్చుని వీడియో చూడటమే ఇష్టమై, ఫోన్ చేయడం అంటే తప్పించుకునే స్వభావమైతే వాడు మంచి వీడియో కోఆర్డినేటరో, అనలిస్టో అవుతాడు. అసిస్టెంట్ కోచ్‌గా నిలవడం కష్టం. ఇది మీరు కాదు, వాడే తేల్చుకోవాలి.

బ్రాడ్ స్టీవెన్స్ కథ వాడు మీకు చెప్పే ఉంటాడు. 2000లో మందుల కంపెనీ ఉద్యోగం వదిలి బట్లర్ యూనివర్సిటీ టీములో జీతం లేకుండా చేరాడు, 2007లో హెడ్ కోచ్ అయ్యాడు, 2010లో, 2011లో టీముని జాతీయ టోర్నమెంటు ఫైనల్‌కి తీసుకెళ్ళాడు. అంతా నిజం. అలాగే ఉద్యోగం వదిలేసి మూడేళ్ళ తర్వాత వెనక్కి వచ్చినవాళ్ళ గురించి ఎవరూ రాయరు, అంతే తేడా.

మరో కష్టం మార్చి నెల, సీజన్ ముగిసి కోచ్‌లని తీసేసే కాలం. హెడ్ కోచ్‌ని తీసేస్తే అతనికి ఒప్పందం ప్రకారం పెద్ద మొత్తం ముడుతుంది. అసిస్టెంట్లకి మాత్రం తరచూ ఆ ఆర్థిక సంవత్సరం చివరిదాకా జీతం, ఆపైన సామాను సర్దుకోవడమే. వాళ్ళ తప్పుతో నిమిత్తం లేదు. పదేళ్ళలో నాలుగు ఊళ్ళు మారడం ఇక్కడ వింత కాదు. పెళ్ళిసంబంధాల దగ్గర ఈ మాట దాచకండి.

స్కూలు కోచ్‌తో పోల్చమన్నారు. టెక్సాస్ పబ్లిక్ స్కూళ్ళలో కోచ్‌లు మామూలుగా ఆ డిస్ట్రిక్ట్‌లో పూర్తికాలపు ఉద్యోగులై ఉండాలి, అంటే చాలామంది టీచర్లే. లెక్కలో, కంప్యూటర్లో చెప్పగల సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం త్వరగా దొరుకుతుంది, పెన్షన్ ఉంటుంది, ఊరు మారక్కర్లేదు. రెండో ఆట కూడా నెత్తిన వేస్తారు, అది భరించాలి. నిలకడలో కాలేజీ ఉద్యోగం దీని దరిదాపులకి రాదు. సాఫ్ట్‌వేర్ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు, అక్కడ కూడా మార్చి నెలలు ఉంటాయనీ తెలుసు.

చేయాల్సింది ఇదీ. మూడో ఏడు వీడియో పని అడగమనండి. వేసవిలో వేరే యూనివర్సిటీలు నడిపే బాస్కెట్‌బాల్ క్యాంపుల్లో రెండింటికైనా పనికి వెళ్ళాలి. చేతికొచ్చేది కొద్ది డాలర్లు, డార్మ్‌లో మంచం. కానీ ఒక్క వారంలో పదిమంది కోచ్‌లు పరిచయమవుతారు. దగ్గర్లోని ఏఏయూ టీముకి సాయం చేయాలనిపిస్తే ముందు కాలేజీలో రూళ్ళు చూసే కంప్లయన్స్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగాలి. మెన్స్ బాస్కెట్‌బాల్‌లో 7వ తరగతి పిల్లాడు కూడా రిక్రూట్ లెక్కలోకే వస్తాడు, తెలియక చేసిన సాయం కూడా ఉల్లంఘన అవుతుంది. చివరి ఏడు చలికాలం నుంచే, మాస్టర్స్ చదువుతూ టీముకి పనిచేసే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్, గ్రాడ్యుయేట్ మేనేజర్ స్థానాలకి ఉత్తరాలు రాయాలి. ఫీజు మాఫీ ఉన్నవాటికే. జాతీయ టోర్నమెంటు చివరి మ్యాచ్‌లు (ఫైనల్ ఫోర్) జరిగే ఊళ్ళో ఏటా కోచ్‌ల సంఘం సమావేశం జరుగుతుంది, ఉద్యోగాల మాటలు అక్కడే నడుస్తాయి. ఆ మాస్టర్స్ రెండేళ్ళూ అయ్యాక, 28 ఏళ్ళ లోపు, పూర్తి జీతంతో రిక్రూటింగ్‌కి పంపే స్థానం రాకపోతే స్కూళ్ళ వైపో డేటా ఉద్యోగం వైపో మళ్ళాలని ఇప్పుడే మాట అనుకోండి. మీ హెల్త్ ఇన్సూరెన్స్‌లో 26 ఏళ్ళదాకా వాడిని ఉంచవచ్చు. నమ్మకమైన కారు ఒకటి ఇవ్వండి. ఇంతకు మించి మీరు పెట్టాల్సిన ఖర్చు లేదు.

ఇక్కడ పుట్టినవాడు కాబట్టి వీసా గొడవ మీకు లేదు. హెచ్-4 (తల్లిదండ్రుల హెచ్-1బీ మీద ఆధారపడిన వీసా) మీద పెరిగి 21 నిండగానే స్టూడెంట్ వీసా ఎఫ్-1కి మారిన పిల్లలకు లెక్క వేరు. చదువయ్యాక పనిచేసే అనుమతి (ఓపీటీ) 12 నెలలే, స్పోర్ట్ మేనేజ్‌మెంట్‌కి సైన్స్, ఇంజినీరింగ్ లాంటి సబ్జెక్టులకిచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపు మామూలుగా దొరకదు. కోచ్ పనికి ఫలానా సబ్జెక్టు డిగ్రీ తప్పనిసరి అని చూపలేక హెచ్-1బీ దగ్గరా చిక్కే. వాళ్ళు ఈ జవాబు చూసి తొందరపడవద్దు.

మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మార్చే ఫారం ఇంకా ఆమోదం కాకపోతే అడ్వైజర్‌కి ఈ వారమే మెయిల్ పెట్టి ఆపించమనండి. స్పోర్ట్ మేనేజ్‌మెంట్‌లో నచ్చిన కోర్సులుంటే మైనర్‌గా (రెండో సబ్జెక్టుగా) చేసుకోవచ్చు.