పిల్లి మీద కోపం, పావురం మీద జాలి

ప్రశ్న: మాది మల్కాజిగిరి, అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. పాపకు తొమ్మిదేళ్లు. మా బాల్కనీలో ఏసీ బయటి యూనిట్ వెనక పావురం గూడు పెట్టింది. పాప రోజూ పాలు పోసి మచ్చిక చేసుకున్న పిల్లే పది రోజుల కిందట అందులోని పిల్లను పట్టుకుని, పాప కళ్లెదుటే మెట్ల మీద చంపేసింది. అప్పట్నుంచి పాప రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోంది, చికెన్ ముట్టడం లేదు. నిన్న పిల్లిని రాయితో కొట్టింది. మావారు "మరి పిల్లి పప్పన్నం తినాలా?" అని ఆటపట్టిస్తున్నారు. మా అత్తగారేమో ఇంత మెత్తని పిల్ల రేపు ఎట్లా బతుకుతుందని దిగులు. నిజంగానే పాప మరీ సున్నితమా?

జవాబు: కాదమ్మా. టీవీలో సింహం జింకను తరుముతుంటే మీవారు కూడా జింక తప్పించుకోవాలనే చూస్తారు, కావాలంటే గమనించండి. మన భాషే ఏనాడో ఒక పక్షం పట్టేసింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటాం. అందమైన కళ్లను లేడికళ్లంటాం, మోసగాణ్ణి మేకవన్నె పులి అంటాం.

దీనికి కారణాలున్నాయి. గుండ్రటి తల, పెద్ద కళ్లు, చిన్న మూతి కనిపిస్తే మనకు పసిపిల్ల గుర్తొచ్చి ఎత్తుకోవాలనిపిస్తుందని జంతువుల ప్రవర్తన మీద పరిశోధించిన శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1943లోనే వివరించాడు. అయితే పావురం పిల్ల అంత ముద్దుగా ఏమీ ఉండదు, పొడుగు ముక్కుతో, పసుపు నూగుతో ఉంటుంది. అయినా పాప ఏడ్చిందంటే కారణం రూపం ఒక్కటే కాదు. పారిపోయేదాని కోరిక చూడగానే అర్థమవుతుంది: బతకాలి. చంపేదాని ఆకలి అలా కనపడదు. పావురం పిల్ల చావు ఒక్క నిమిషంలో కళ్లముందు జరిగిపోయింది. ఆకలితో మాడే పిల్లి కూన ఏ సెల్లార్‌లోనో నాలుగు రోజులకు పోతుంది, ఎవరూ చూడరు. పైగా మన పూర్వీకుల వైపు వాళ్లూ ఒకప్పుడు వేటాడబడ్డవాళ్లే. దక్షిణాఫ్రికాలోని స్వార్ట్‌క్రాన్స్ గుహలో, మనిషికి దగ్గరి చుట్టమైన ఒక ప్రాచీన జీవి పిల్ల పుర్రె దొరికింది. దానికున్న రెండు రంధ్రాలు చిరుతపులి కోరలకు సరిగ్గా సరిపోయాయి.

మీ పాప విషయంలో ఇంకో ముడి ఉంది, అసలు బాధ అదేనని నా అనుమానం. ఆ పిల్లికి పాలు పోసింది తనే. 'నేను పెంచిందే చంపింది' అన్నది తొమ్మిదేళ్ల గుండెకు మోయలేని బరువు. రాయి పిల్లి మీద పడింది గానీ, ఆ కోపంలో సగం తన మీదే. దానికి తోడు ఇంట్లో నాన్నే నవ్వుతున్నారు. చిన్నదాన్ని చూసి పెద్దది ఆడుకోవడం పాప మెట్ల మీద ఒకసారి చూసింది, ఇప్పుడు భోజనాల దగ్గర మళ్లీ చూస్తోంది. ఆ ఆటపట్టించడం ఈ రోజే ఆగాలి.

ఈ రాత్రి పడుకునే ముందు కాకుండా, సాయంత్రం ఆరు ఆ ప్రాంతంలో పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఏం చూసిందో చెప్పనివ్వండి. మధ్యలో సర్ది చెప్పొద్దు. అంతా అయ్యాక ఒక్క మాట: "నువ్వు పాలు పోయకపోయినా పిల్లి పిట్టల్ని పట్టేదే." ఇది ఓదార్పు కోసం ఆడే అబద్ధం కాదు. పిల్లికి ఆకలి వేరు, వేట వేరు, కడుపు నిండినా పట్టే పిట్టను పడుతుంది. "పిట్ట నిద్రపోయింది", "దేవుడు తీసుకెళ్లాడు" అనకండి, నిద్రంటేనే భయపడే పిల్లలుంటారు. 'ఆహారపు గొలుసు' పాఠం ఇప్పుడే వద్దు. ఏడుస్తున్న పిల్లకు సైన్సు చెబితే, నీ ఏడుపు తప్పు అన్నట్టే వినిపిస్తుంది.

రాయి సంగతి వేరు. కోపం రావచ్చు, కొట్టకూడదు అని తేల్చి చెప్పండి. పిల్లి గీరినా కరిచినా, ఆ చోటును పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకాకు తీసుకెళ్లండి.

చికెన్ కోసం బలవంతం చేయకండి. తెలియకుండా కూరలో కలిపితే మాత్రం పిల్లకు మీమీద నమ్మకం పోతుంది, అది చికెన్ కన్నా ఖరీదు. గుడ్డు, పప్పు, పెరుగు, పాలు తింటే చాలు. గుడ్డూ పాలూ కూడా మానేస్తే విటమిన్ బి12 గురించి డాక్టర్‌ని అడగండి.

వారం పోయాక పిల్లి పక్షం కూడా వినిపించండి. శిబి చక్రవర్తి కథ ఇందుకు బాగుంటుంది. అందరూ పావురం దగ్గరే ఆగిపోతారు గానీ, అందులో డేగ అడిగే ప్రశ్నే అసలైనది: దాన్ని కాపాడావు సరే, నా ఆకలి మాటేమిటి? పిల్లికి టారిన్ అనే పదార్థం తిండిలోంచే రావాలి, మాంసంలో ఉంటుంది. అది అందకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. పెరుగన్నంతో బతకలేదు. చంపేముందు ఎలుకతో ఆడుకోవడం కూడా పూర్తిగా క్రూరత్వం కాదు, తిరిగి కరవకుండా దాన్ని అలసిపోనిచ్చి అప్పుడు మెడ పట్టుకుంటుంది.

ఇక బాల్కనీ. గూటి దగ్గర పాలగిన్నె పెట్టడమంటే పిల్లికి దారి చూపించడమే. గిన్నెను కిందికి మార్చండి. అసలు పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు. 2021లో ఇంగ్లండులో పెంపుడు పిల్లుల మీద జరిగిన అధ్యయనంలో మాంసం ఎక్కువున్న మేత పెడితే ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది, రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఆడిస్తే 25 శాతం. మెడలో గంట కడితే పెద్ద తేడా కనిపించలేదు. పావురం మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది, కాబట్టి గూట్లో ఇంకో పిల్ల ఉందేమో చూడండి. అది ఎగిరిపోవడానికి పుట్టింది మొదలు దాదాపు నెల పడుతుంది. గూడు ఖాళీ అయ్యాకే వల కట్టించండి. ఎండిన రెట్టను చీపురుతో ఊడ్చకుండా, మాస్కు పెట్టుకుని నీళ్లతో తడిపి తీయాలి, ఆ పని పాపకు చెప్పకండి.

నెల దాటాక కూడా పీడకలలు తగ్గకపోయినా, బడికి వెళ్లనన్నా, జంతువుల్ని కొట్టడం మళ్లీ జరిగినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. వల కట్టేవాళ్లు వచ్చిన రోజు మీవారిని ఇంట్లో ఉండమనండి. ఎక్కడ సందు మిగిలిందో చూసి చెప్పే పని పాపది, ఆ సందు మూయించే పని ఆయనది.