టెక్ సందేహాలు: యూరప్ వెళ్లేది ఇద్దరైతే రెండు ఫోన్లూ సిద్ధం కావాలి

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు యూరప్ ప్రయాణాల గురించే, అదీ భార్యాభర్తలిద్దరే వెళ్తున్నవాళ్లవి. చదువుతుంటే ఒక సంగతి నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. టికెట్లు, హోటల్ బుకింగ్‌లు, కార్డులు, మ్యాపులు అన్నీ ఒక్కరి ఫోన్లోనే ఉంటున్నాయి, ఎక్కువ ఇళ్లలో అది భర్త ఫోనే. ఆ ఫోన్ పోయినా, చార్జింగ్ అయిపోయినా, మెట్రోలో ఒకరు ఎక్కి ఇంకొకరు ప్లాట్‌ఫాం మీద మిగిలిపోయినా రెండో మనిషి భాష రాని ఊళ్లో ఏం చేయాలి? అందుకే ప్రశ్న ఏదైనా సరే, జవాబు ఇద్దరి ఫోన్లనూ దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను.

ప్రశ్న: మేమిద్దరం రెండు వారాల్లో పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, ప్రాగ్, వియన్నా, వెనిస్, రోమ్ చూడాలనుకుంటున్నాం. గూగుల్ మ్యాప్స్‌లో అన్ని ఊళ్లూ వరుసగా పెడితే కారు దారి చూపిస్తోంది కానీ రైళ్లు చూపించడం లేదు. ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే రోజువారీ ప్లాన్ చక్కగా ఇచ్చింది. దాన్ని నమ్మి బుక్ చేసేయొచ్చా? (ఎంవీపీ కాలనీ)

ముందు మ్యాప్స్ సంగతి. మీ ఫోన్లో లోపమేమీ లేదు. మధ్యలో ఆగే ఊళ్లు చేర్చితే గూగుల్ మ్యాప్స్ బస్సులూ రైళ్లూ చూపించదు, రెండేసి ఊళ్లు విడివిడిగా అడగాలి. దానికంటే జర్మన్ రైల్వే వాళ్ల డీబీ నావిగేటర్ యాప్ వేసుకోండి. యూరప్‌లో చాలా దేశాల రైళ్ల టైములు, అందులో టికెట్ దొరకని రైళ్లవి కూడా, అది చూపిస్తుంది. టైము అక్కడ చూసి, టికెట్ ఆయా దేశాల రైల్వే యాప్‌లోనే కొనడం మంచిది. ఆస్ట్రియాకి ఓబీబీ, ఇటలీకి ట్రెనిటాలియా.

చాట్‌బాట్ ప్లాన్ దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండండి. ఊళ్ల పేర్లు, చూడాల్సిన చోట్లు అది బాగానే చెప్తుంది. వారాలు, టైములు తప్పుతుంది. లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసి ఉంటుంది, వాటికన్ మ్యూజియాలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసే ఉంటాయి. మీ ప్లాన్‌లో ఏ రోజు ఏ వారమో రాసుకుని ప్రతి మ్యూజియం సొంత సైట్‌లో సరిచూడండి. రైళ్లూ అంతే. ఆస్ట్రియాలో కోరాల్మ్ అనే కొత్త మార్గం 33 కిలోమీటర్ల సొరంగంతో 2025 డిసెంబరులోనే తెరిచారు, కాబట్టి దక్షిణ ఆస్ట్రియా మీదుగా వెళ్లే రైళ్లకు పాత వీడియోల్లోనో, పాత సమాచారం మీద తయారైన చాట్‌బాట్‌లోనో కనిపించే టైములు ఇప్పుడు పనికిరావు. పైగా యూరప్ రైళ్ల టైంటేబుల్ ప్రతి ఏడాదీ డిసెంబరు మధ్యలో మారుతుంది.

ఇక ఆరు ఊళ్ల విషయం. ఇది టెక్ ప్రశ్న కాదు కానీ చెప్పకుండా ఉండలేను, రెండు వారాలకి ఆరు ఎక్కువ. యాప్‌లో మూడు గంటలు అని కనిపించే ప్రయాణం నిజానికి సగం రోజు తినేస్తుంది: హోటల్ ఖాళీ చేయాలి, స్టేషన్‌కి చేరాలి, అవతల దిగి పెట్టెలు లాక్కుంటూ కొత్త హోటల్ వెతుక్కోవాలి, అక్కడ గది మధ్యాహ్నం దాకా ఇవ్వరు. నన్నడిగితే ప్రాగ్ వదిలేయండి. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ప్రాగ్‌కి పగటి రైలెక్కితే రోజంతా అందులోనే గడుస్తుంది. అదే ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వియన్నాకి అయితే నైట్‌జెట్ అనే రాత్రి రైలుంది, ఇద్దరికే తలుపు వేసుకునే స్లీపర్ గది కూడా దొరుకుతుంది. సాయంత్రం గోదావరి ఎక్కి తెల్లారి సికింద్రాబాద్‌లో దిగడం అలవాటైన మనకి అదేం కష్టం కాదు, ఒక రాత్రి హోటల్ ఖర్చూ కలిసొస్తుంది. ఆ గదులు త్వరగా అయిపోతాయి కాబట్టి మీ తేదీకి బుకింగ్ తెరవగానే కొనేయండి. వియన్నా నుంచి వెనిస్ మాత్రం పగటి రైల్లోనే వెళ్లండి. 1854లో పూర్తయిన సెమ్మరింగ్ కొండదారి మీదుగా వెళ్తుంది, కిటికీ పక్క సీటు తీసుకోండి.

విమానం టికెట్ వెతికేటప్పుడు గూగుల్ ఫ్లైట్స్‌లో రౌండ్ ట్రిప్ కాకుండా మల్టీ సిటీ ఎంచుకోండి. వెళ్లడం విశాఖ నుంచి పారిస్‌కి, రావడం రోమ్ నుంచి విశాఖకి. లేకపోతే విమానం కోసమే రోమ్ నుంచి మళ్లీ పారిస్ వెనక్కి రావాలి. మనకి ఇక్కడినుంచి యూరప్‌కి నేరుగా విమానం లేదు కాబట్టి విశాఖ నుంచి ఢిల్లీ, ముంబై, హైదరాబాద్ ఎక్కడికి వెళ్లి మారినా ఆ ముక్క కూడా అదే టికెట్‌లో ఉండేలా చూడండి. విడివిడిగా కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినప్పుడు మామూలుగా ఎవరూ బాధ్యత తీసుకోరు.

ఇవన్నీ ఒక గూగుల్ షీట్‌లో పెట్టి ఇద్దరికీ ఎడిట్ హక్కు ఇచ్చుకోండి. అందులో దేశం పేరుకి ఒక వరుస తప్పకుండా ఉండాలి. షెంజెన్ వీసా (ఈ దేశాలన్నిటికీ కలిపి చెల్లే ఒకే వీసా) ఎక్కువ రోజులు గడిపే దేశానికి అడగాలి, మొదట దిగే దేశానికి కాదు. రోజులు సమానమైతేనే మొదట దిగే దేశం లెక్కలోకి వస్తుంది. పారిస్‌లో మూడు రాత్రులు, ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండు, రైల్లో ఒకటి, వియన్నాలో రెండు, వెనిస్‌లో రెండు, రోమ్‌లో మూడు అనుకుంటే ఇటలీకి ఐదు వచ్చాయి. అంటే దిగేది పారిస్‌లో అయినా దరఖాస్తు ఇటలీకే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అడగొచ్చు, 15 రోజుల ముందుకి మించి ఆలస్యం చేయకూడదు. అసలు అంత చివరిదాకా ఆగొద్దు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ప్రశ్న: స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాను. నేనూ మా ఆవిడా పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ వెళ్తున్నాం. నా ఫోన్లో ఈసిమ్ వేసుకుని ఆవిడకి హాట్‌స్పాట్ ఇస్తే సరిపోతుందా? బ్యాంకు ఓటీపీలు వస్తాయా? (గాజువాక)

హాట్‌స్పాట్ వద్దండీ. ఆవిడ మీ పక్కన ఉన్నంతసేపే పనిచేస్తుంది, విడిపోయినప్పుడే కదా ఫోన్ అవసరం. రోజంతా హాట్‌స్పాట్ పెడితే మీ బ్యాటరీ కూడా సాయంత్రానికి ఉండదు. ఇద్దరికీ చెరొక ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్లోకే దించుకునే సిమ్) తీసుకోండి, చిన్న డేటా ప్లాన్ అయినా చాలు. ఫోన్ ఈసిమ్ తీసుకుంటుందో లేదో తెలుసుకోవాలంటే *#06# కొట్టండి, ఐఎంఈఐ నంబర్లతోపాటు ఈఐడీ అని కనిపిస్తే సాధారణంగా తీసుకుంటుంది. ఆవిడ ఫోన్ పాతదై ఈఐడీ కనిపించకపోతే, మీ సిమ్ కంపెనీ దగ్గరే ఆవిడ నంబరుకి రోమింగ్ ప్యాక్ వేయించండి.

కొనేముందు ప్లాన్‌లో స్విట్జర్లాండ్ పేరు ఉందో లేదో చూడండి. స్విట్జర్లాండ్ షెంజెన్‌లో ఉంది కాబట్టి మీ వీసా అక్కడ చెల్లుతుంది, కానీ యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి యూనియన్ దేశాలకు 2017 నుంచి ఉన్న అదనపు రోమింగ్ చార్జీ లేని పద్ధతి దానికి వర్తించదు. యూరప్ ప్లాన్ అని పెద్దక్షరాలతో రాసి ఉన్నా దేశాల జాబితాలో స్విట్జర్లాండ్ లేకపోతే ఇంటర్‌లాకెన్‌లో దిగగానే నెట్ ఆగిపోతుంది.

ఈసిమ్‌ని ఇంట్లో వైఫై మీద ఉండగానే ఇన్‌స్టాల్ చేసుకోండి. ఎక్కువ ప్లాన్లకి రోజుల లెక్క అక్కడి నెట్‌వర్క్ తగిలాకే మొదలవుతుంది, కొనేటప్పుడు ఆ ముక్క చదవండి. పనిచేయలేదని తొందరపడి డిలీట్ చేయొద్దు, చాలా కంపెనీలవి ఒకసారి తీసేస్తే మళ్లీ ఎక్కవు.

ఓటీపీల కోసం మన సిమ్ ఫోన్లోనే ఉంచి ఆన్‌లో పెట్టండి. బయల్దేరే ముందు మీ కంపెనీకి ఫోన్ చేసి ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ అయిందో లేదో అడగండి, అది లేకపోతే మెసేజ్‌లు కూడా రావు. ఆ సిమ్‌కి డేటా రోమింగ్ ఆఫ్ చేసి, డేటాకి ఈసిమ్‌ని ఎంచుకోండి. సిగ్నల్ తగ్గినప్పుడు డేటాని తనంతట తానే రెండో సిమ్‌కి మార్చే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, దాన్ని కూడా ఆపండి, లేకపోతే బిల్లు వాచిపోతుంది. ప్యాక్ లేకుండా మన సిమ్‌కి వచ్చిన కాల్ ఎత్తినా డబ్బు పోతుంది. పిల్లలకి వాట్సాప్‌లోనే చేయమని చెప్పండి, అది పాత నంబరుతోనే నడుస్తుంది.

ప్రశ్న: కొత్తగా పెళ్లయింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ట్రాములు కార్డు తాకించి ఎక్కొచ్చంట కదా, ఒకే కార్డుతో ఇద్దరం ఎక్కొచ్చా? అక్కడ యూపీఐ ఉంటుందా? (మధురవాడ)

ఒకే కార్డుతో కుదరదు. నెదర్లాండ్స్‌లో ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి అదే కార్డు తాకించాలి, మనిషికో కార్డు ఉండాలి. మీది రెండోసారి తాకిస్తే ఆవిడ ఎక్కినట్టు కాదు, మీరు దిగిపోయినట్టు లెక్క. తనిఖీలో పట్టుకుంటే జరిమానా. కాబట్టి ఇద్దరి పేరా విడిగా వీసా కంపెనీ కార్డు గానీ మాస్టర్‌కార్డ్ గానీ ఉండాలి. మన కార్డుల్లో విదేశీ వాడకం, ట్యాప్ చేసే సదుపాయం మనమే ఆన్ చేసుకోవాలి, 2020 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన అది. బ్యాంకు యాప్‌లో ఇప్పుడే ఆన్ చేసి, జగదాంబ దగ్గర ఏదో షాపులో ఒకసారి ట్యాప్ చేసి చూసుకోండి. పిన్ నంబర్లు ఇద్దరికీ నోటికి రావాలి, కాస్త పెద్ద మొత్తమైతే అక్కడ పిన్ అడుగుతారు.

యూపీఐని 2024 ఫిబ్రవరిలో ఈఫిల్ టవర్ టికెట్లతో ఫ్రాన్స్‌లో మొదలుపెట్టారు. దాన్ని నమ్ముకుని వెళ్లేంతగా ఇంకా లేదు. షాపులో గానీ ఏటీఎంలో గానీ రూపాయల్లో తీసుకోమంటారా, యూరోల్లోనా అని మెషీన్ అడిగితే ప్రతిసారీ యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లు వేసుకున్న రేటు పడుతుంది, అది దాదాపు ఎప్పుడూ మనకి నష్టమే.

ప్రశ్న: ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆన్ ఫ్రాంక్ హౌస్ మ్యూజియం టికెట్లు ఎప్పుడు చూసినా అయిపోయాయి అంటోంది. రైలు టైములు గూగుల్ క్యాలెండర్‌లో పెట్టుకున్నాను, అది సరిపోతుందా? (పెందుర్తి)

ఆ టికెట్లు ఆన్‌లైన్‌లో మాత్రమే అమ్ముతారు. ప్రతి మంగళవారం వాళ్ల టైము ఉదయం 10 గంటలకి, ఆరు వారాల తర్వాతి తేదీలకి వదులుతారు. వేసవిలో మనకది మధ్యాహ్నం ఒంటిగంటన్నర, చలికాలంలో రెండున్నర. ఇద్దరూ చెరొక ఫోన్‌తో కూర్చోండి, ఎవరికి ముందు దొరికితే వాళ్లు కొనేయండి.

క్యాలెండర్ విషయంలో ఒక్క క్షణం ఆగండి. ఇక్కడ కూర్చుని ఉదయం 9 గంటల రైలు అని పెడితే అది మన 9 గంటలుగా సేవ్ అవుతుంది. వేసవిలో అక్కడ దిగగానే ఫోన్ టైము మారి అదే రైలు 5:30కి అని చూపిస్తుంది. తెల్లవారుజామున పరుగెత్తడం ఒక ఎత్తు, సాయంత్రం 5 గంటల రైలుని మధ్యాహ్నం చూసి తప్పిపోయిందనుకుని ఇంకో టికెట్ కొనడం ఇంకో ఎత్తు. ఈవెంట్ పెట్టేటప్పుడు టైము కింద టైమ్ జోన్ అని ఉంటుంది, అక్కడ ఆ ఊరి టైము ఎంచుకోండి. పెట్టినవి ఇప్పుడే తెరిచి సరిచేయండి, ఈవెంట్‌లోకి మీ ఆవిడ మెయిల్ కూడా చేర్చండి.

ప్రశ్న: పారిస్, రోమ్‌లలో ఫోన్ దొంగలు ఎక్కువంటున్నారు. మా వారి ఫోన్లోనే అన్నీ ఉన్నాయి. ఆ ఫోన్ పోతే నేనేం చేయాలి? (సీతమ్మధార)

ఈ ప్రశ్న మీరు అడిగినందుకు చాలా సంతోషం, ఎందుకంటే చేయాల్సిందంతా ఇక్కడే, బయల్దేరక ముందే చేయాలి.

ఫోన్ పోయాక మీ ఫోన్లోంచి ఆయన జీమెయిల్ తెరవబోతే గూగుల్ నిర్ధారణ కోరుతుంది, ఆ నోటిఫికేషన్ దొంగ చేతిలోని ఫోన్‌కే వెళ్లొచ్చు. ఆయన గూగుల్ అకౌంట్ సెక్యూరిటీలో టూ స్టెప్ వెరిఫికేషన్ దగ్గర బ్యాకప్ కోడ్స్ ఉంటాయి, పది వస్తాయి, ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసి మీ బ్యాగులో పెట్టుకోండి. మీవి ఆయన బ్యాగులో. అవి ఉంటే మీ ఫోన్లోంచే గూగుల్ ఫైండ్ హబ్‌లోకి వెళ్లి పోయిన ఫోన్‌ని లాక్ చేయొచ్చు. ఐఫోన్ అయితే ఐక్లౌడ్ సైట్‌లో ఫైండ్ డివైసెస్‌కి పాస్‌వర్డ్ ఒక్కటే చాలు, కోడ్ అడగదు.

రెండోది సిమ్. దొంగ మన సిమ్ తీసి వేరే ఫోన్లో వేస్తే ఓటీపీలు వాడికే వెళ్తాయి. సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ ఆన్ చేసి పిన్ పెట్టండి. అయితే మూడుసార్లు తప్పు కొడితే సిమ్ తెరవడానికి పీయూకే అనే కోడ్ అడుగుతుంది, కాబట్టి మొదలుపెట్టే ముందే అసలు పిన్, పీయూకే రెండూ మీ కంపెనీని అడిగి రాసుకోండి. సిమ్ బ్లాక్ చేయించడానికి విదేశాల నుంచి పలికే కస్టమర్ కేర్ నంబరు, బ్యాంకు నంబర్లు మీ ఫోన్లో సేవ్ చేసుకోండి. డూప్లికేట్ సిమ్ ఇంటికొచ్చాకే దొరుకుతుంది, అంటే మిగిలిన రోజులన్నీ మీ నంబరు, మీ కార్డు మీదే నడవాలి. అందుకే మీ పేరున వేరే బ్యాంకు కార్డు, అందులో సరిపడా డబ్బు ఉండాలి.

మూడోది, పాస్‌పోర్ట్, వీసా, ఇన్సూరెన్స్, రైలు టికెట్ల పీడీఎఫ్‌లు, హోటళ్ల అడ్రసులు అన్నీ మీ ఫోన్లోకి డౌన్‌లోడ్ చేసుకోండి. డ్రైవ్‌లో లింకు ఉంటే సరిపోదు, నెట్ లేకుండా తెరుచుకోవాలి. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఒక్కొక్కటి తెరిచి చూడండి. గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో కారు దారి తప్ప నడక దారి చెప్పదు, నడకకి ఆర్గానిక్ మ్యాప్స్ అనే ఉచిత యాప్‌లో ఆ ఊళ్ల మ్యాపులు దించుకోండి. ఒకరి లొకేషన్ ఒకరికి గూగుల్ మ్యాప్స్‌లో షేర్ చేసుకోండి, ఒకరిది ఐఫోన్ ఒకరిది ఆండ్రాయిడ్ అయినా పనిచేస్తుంది. అక్కడ ఏ దేశంలో ఉన్నా అత్యవసరమైతే 112.

ఇంట్లో ఒక సాయంత్రం ఆయన ఫోన్ పక్కన పెట్టించి, మీ ఫోన్ ఒక్కదానితోనే రోమ్ హోటల్ అడ్రస్, మర్నాటి రైలు టికెట్, ఇన్సూరెన్స్ నంబరు వెతికి తీయండి. ఏది దొరకలేదో అది ఆ సాయంత్రమే మీ ఫోన్లోకి ఎక్కించుకోండి.

ప్రశ్న: చార్జర్లకి కన్వర్టర్ కొనాలా? పెద్ద పవర్ బ్యాంక్ తీసుకెళ్లొచ్చా? (కంచరపాలెం)

కన్వర్టర్ అక్కర్లేదు, అక్కడా మనలాగే 230 వోల్టులు. మన ఫోన్ చార్జర్ల సన్నటి రెండు పిన్నులు చాలా చోట్ల నేరుగా దూరతాయి. మూడు పిన్నుల లాప్‌టాప్ చార్జర్‌కైతే అడాప్టర్ కావాలి, స్విట్జర్లాండ్‌కి వెళ్తుంటే అక్కడి సాకెట్‌కి పట్టేది చూసి కొనండి. పవర్ బ్యాంక్ 100 వాట్ అవర్స్ లోపు ఉండాలి, 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74, ఇబ్బంది లేదు. చెక్‌ఇన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే. పెద్దది ఒకటి కొనేబదులు 10,000 ఎంఏహెచ్‌వి రెండు కొని చెరొకటి పెట్టుకోండి.